పిల్లను బడిలో నిలిపేది ఊరు

ఆసామి ఇంట్లో జీతానికి కుదిరిన పన్నెండేళ్ల పిల్లవాడికి పొద్దు పొడవకముందే పని మొదలవుతుంది. కొట్టంలో పేడ తీయాలి, గొడ్లకు నీళ్లు పెట్టాలి, వాటిని మేతకు తోలుకుపోయి చీకటి పడే వేళకు తిరిగి రావాలి. తల్లిదండ్రులు ఎప్పుడో తీసుకున్న అప్పుకు ఆ పని చెల్లు. 1990 ప్రాంతంలో ఇలాంటి పిల్లవాడి తండ్రి ఒకనాటి కూలి వదులుకుని, కొడుకును వెంటబెట్టుకుని బడికి వెళితే ఏమయ్యేది? పుట్టిన తేదీ కాగితం అడిగేవారు. టీసీ అడిగేవారు. చేర్చుకునే గడువు దాటిపోయింది, వచ్చే ఏడు రమ్మనేవారు. వయసును బట్టి ఆరో తరగతిలో వేద్దామంటే అక్షరాలు రావు. అక్షరాలు రావు కదా అని ఒకటో తరగతిలో వేస్తే, ఆరేళ్ల పసివాళ్ల మధ్య కూర్చోలేక నెల తిరక్కుండానే మానేస్తాడు. తండ్రి వెనక్కి తిరిగేవాడు. ఊరి లెక్కలో మాత్రం అతను పిల్లల చదువు పట్టని మనిషిగా మిగిలేవాడు.

చదువులో కుటుంబం పాత్ర గురించి మనం మాట్లాడే తీరులో ఉన్న లోపం ఇదే. ప్రతి ఇల్లూ ఒంటరిగా కూర్చుని ఆలోచించుకుని నిర్ణయం తీసుకుంటుందనీ, శ్రద్ధ ఉన్న ఇంటి పిల్ల బడికీ, శ్రద్ధ లేని ఇంటి పిల్ల పనికీ పోతుందనీ అనుకుంటాం. కానీ పేద ఇంట్లో చదువు మీద కోరిక ఉంటే సరిపోదు. ఆ కోరికను నిర్ణయంగా మార్చేది, మార్చాక కూలిపోకుండా పట్టుకునేది చుట్టూ ఉన్న మనుషులు. ఊళ్లో అందరూ పిల్లల్ని పనికి పంపుతుంటే ఒక్క ఇల్లు ఎదురీదలేదు. అందరూ బడికి పంపుతుంటే, పనికి పంపడానికి ఆ ఒక్క ఇల్లే జంకుతుంది. కాబట్టి పిల్ల బడిలో ఉందా లేదా అన్నది తల్లిదండ్రుల గుణగణాల కంటే ఊరి రివాజు గురించే ఎక్కువ చెబుతుంది. రివాజు మారేదే, మార్చగలిగేదే.

ఇలా ఆలోచించే పద్ధతికి యూరప్‌లో సోషల్ పెడగాజీ అని పేరు. జర్మనీలో కార్ల్ మాగర్ 1844లో ఆ మాట వాడాడు. 1899లో పాల్ నాటోర్ప్ దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు. మనిషి మనుషుల మధ్యనే మనిషి అవుతాడనీ, ఇల్లు, బడి, పెద్దల సామాజిక జీవితం మూడూ ఒకే చదువులోని దశలనీ ఆయన వాదన. డెన్మార్క్‌లో ఇది ఇవాళ ఒక వృత్తి. శిశు సంరక్షణ కేంద్రాల్లో, యువజన కేంద్రాల్లో పనిచేసే పెడగాగ్‌లు పిల్లల రోజువారీ బతుకునే చదువుగా చూస్తారు. ఆ సిద్ధాంతం గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పుకోవలసిన పని లేదు. ఆ పేరేదీ తగిలించుకోకుండానే దాన్ని గట్టి పరీక్షకు పెట్టిన అనుభవం మనకు రంగారెడ్డి జిల్లాలోనే ఉంది.

మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఆ జిల్లాలో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. నడిపించినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. మొదట వాళ్ల దృష్టి జీతం ఉన్న పిల్లల మీదే ఉండేది. పని ముందుకు సాగినకొద్దీ ఆ గీత నిలవలేదు. ఆసామి ఇంట్లో గొడ్లు కాసే పిల్లవాడు బాలకార్మికుడై, సొంత ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని నీళ్లు మోసే ఆడపిల్ల కాకుండా ఎలా పోతుంది? బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రానికి వాళ్లు వచ్చారు. వినడానికి అతిశయోక్తిలా ఉన్నా, ఊళ్లో దాని ఫలితం చాలా సూటిగా ఉండేది. ఏ పని ప్రమాదకరం, ఏది కాదు అన్న తగువే లేకుండా పోయింది. పిల్ల బడిలో ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మిగిలింది. చదువు రాని ముసలమ్మ కూడా అడగగలిగిన ప్రశ్న అది.

ఆ ప్రశ్న ఊరిదయ్యేలా చేయడమే అసలు పని. దానికి దిగినవాళ్లు బయటి నిపుణులు కారు, ఎక్కువమంది తమ ఇళ్లలో మొట్టమొదట చదువుకున్న యువకులు, ఆ ఊళ్లవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకోవడం, జీతం నుంచి పిల్లను విడిపించిన తల్లిదండ్రులతోనే ఇంకా విడిపించని వాళ్లకు చెప్పించడం, పంచాయతీలో ఆ జాబితా చదవడం, ఇదీ వాళ్ల దినచర్య. ఆసాములను శత్రువులుగా నిలబెట్టకపోవడం నాకు అన్నిటికంటే తెలివైన పనిగా కనిపిస్తుంది. పిల్లను వదిలేసిన ఆసామిని సభలో పిలిచి గౌరవించారు, తర్వాత బాలల హక్కుల వేదికల్లో కూర్చోబెట్టారు. నిన్నటిదాకా పిల్లవాడి చేత పని చేయించుకున్న మనిషే రేపు ఇంకో ఆసామి దగ్గరికి వెళ్లి అడిగితే, ఆ మాటకుండే బరువు ఏ అధికారి నోటీసుకూ ఉండదు. ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా తమ వేదిక పెట్టుకున్నారు. బడి గుమ్మం దగ్గర అడ్డుపడే కాగితాల గురించి లోపలినుంచే మాట్లాడేవాళ్లు దొరికారన్నమాట.

ఆ గుమ్మం దాటించడానికి శిబిరాలు పుట్టాయి. బ్రిడ్జి కోర్సు అన్నది అదే. వయసు మీరిన పిల్లలను కొన్ని నెలలు ఒకచోట ఉంచి, తోటి వయసు పిల్లల తరగతిలో కూర్చోగలిగేలా తయారుచేసేవారు. అక్కడ మొదటి రోజే పలక చేతికివ్వరు. ఏళ్ల తరబడి చెప్పిన పని చేయడమే తప్ప నోరు విప్పి ఎరగని పిల్లలు ముందు మాట్లాడాలి, పాడాలి, తాము పోయిన దారులూ చూసిన పంటలూ చెప్పాలి, ఆ చెప్పిన మాటల్లోంచే అక్షరాలు రావాలి. తల్లిదండ్రులు వచ్చి చూసి పోతుండేవారు. కొడుకు తన పేరు తాను రాసుకోవడం చూసిన తండ్రి ఊరికి తిరిగి వెళ్లి చెప్పే మాట మరో నాలుగు ఇళ్లను కదిలించేది. పిల్లకు చదువు చెబుతూనే ఊరికి నమ్మకం కలిగించడం, ఈ రెండు పనులూ విడదీయరాని చోటే నాటోర్ప్ చెప్పిన సంగతి కళ్లకు కడుతుంది. ఈ అనుభవం చట్టంలోనూ ముద్ర వేసింది. 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ బడి బయటి పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్, గడువు దాటిందని కాదనకూడదని 15వ సెక్షన్ చెబుతాయి. ఆనాటి తండ్రి విన్న ప్రశ్నల్లో ముఖ్యమైనవన్నీ ఇప్పుడు చట్టవిరుద్ధం.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం పేదరికం. కడుపు నిండని ఇంటికి ఊరి రివాజు గురించి ఏం చెబుతారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, తేలిగ్గా తీసేయకూడదు. జవాబు కోసం పత్తి విత్తనాల చేలు చూడాలి. మహబూబ్‌నగర్, కర్నూలు ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం తయారీకి క్రాసింగ్ అనే పని ఉంటుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ఏరి, పూరేకులు తొలగించి, పుప్పొడి తిత్తులను గోటితో గీరి తీసేయాలి, లోపలి కీలానికి దెబ్బ తగలకూడదు. పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి ఆ పుప్పొడిని ఒక్కో పువ్వుకూ అద్దాలి. సీజన్ పొడుగునా, రోజూ, వందల మొగ్గలకు ఇదే పని. ఇది ఎక్కువగా ఆడపిల్లల చేత చేయించేవారు. వాళ్ల వేళ్లు సన్ననివనీ, మొక్క ఎత్తుకు సరిపోతారనీ సాకు చెప్పేవారు. అసలు సంగతి వేరు. పెద్దవాళ్ల కంటే తక్కువ కూలికి వస్తారు, ఎదురు చెప్పరు, సీజన్‌కు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేయవచ్చు. అదే పని పెద్దవాళ్ల వేళ్లూ చేయగలవు, చేస్తున్నాయి కూడా. అంటే పేదరికం పిల్లను చేనులోకి నెట్టిన మాట నిజమైనా, ఆమెను అక్కడికి లాగిన చెయ్యి ఇంకొకటుంది. పిల్లలు చౌకగా దొరికినంతకాలం పెద్దల కూలి పెరగదు. పెద్దల కూలి పెరగనంతకాలం పిల్లలు పనికి పోక తప్పదు. ఈ ముడిని ఏ ఒక్క ఇల్లూ ఒంటరిగా విప్పుకోలేదు. ఊరంతా పిల్లల్ని ఒకేసారి చేను నుంచి తీసేస్తే విప్పుకుంటుంది.

ఇంకా చూడాలంటే 1991 జనాభా లెక్కలున్నాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44.09 శాతం, కేరళలో 89.81 శాతం. ఆదాయంలో ఆ రెండు రాష్ట్రాల మధ్య అంత దూరం లేదు. బాలకార్మికత పేదరికం వల్ల తప్పనిసరి అన్న నమ్మకం పేదల కంటే మన అధికారుల్లో, మధ్యతరగతిలో బలంగా ఉందని అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ ఆ ఏడాదే వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఉత్తరాది రాష్ట్రాల్లో 1996లో సర్వే చేసి 1999లో ప్రచురించిన ప్రోబ్ నివేదికలో మగపిల్లలకు చదువు ముఖ్యమన్న తల్లిదండ్రులు 98 శాతం, ఆడపిల్లలకు ముఖ్యమన్నవారు 89 శాతం. కోరిక లేదన్న మాట అక్కడే తేలిపోయింది. కొండల మధ్య విసిరేసినట్టున్న ఊళ్లతో హిమాచల్ ప్రదేశ్ అదే నివేదికలో అందరికంటే ముందు నిలిచింది. ఊళ్లలో మిగతా చోట్లకంటే ఎక్కువ సమానత్వం, కలిసి పనిచేసే అలవాటు ఉండటం కారణాల్లో ఒకటిగా ఆ అధ్యయనం చెప్పింది. పేదరికాన్ని పక్కన పెట్టమని నేననడం లేదు. మధ్యాహ్న భోజనం, హాస్టలు, ఉచిత పుస్తకాలు లేకపోతే ఊరి సంకల్పం ఎన్నాళ్లో నిలవదు. కానీ సంకల్పం లేకుండా అవి మాత్రమే ఉన్న చోట్ల పిల్లలు అన్నం తిని చేనుకు పోతారు.

రెండో అభ్యంతరం నాకు ఇంకా బలమైనదిగా కనిపిస్తుంది. ఊరు అంటే ఏ ఊరు? వాడను దూరం పెట్టిన ఊరేనా? పదహారేళ్లు నిండకుండా పిల్ల పెళ్లి చేయకపోతే నలుగురూ నవ్వే ఊరేనా? సముదాయాన్ని ఆకాశానికెత్తి రాసేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర తడబడతారు. ఊరి రివాజు మంచిదే అయితే ఇంతకాలం ఈ పిల్లలు జీతం ఎందుకున్నారు? దీనికి జవాబు కేరళ చరిత్రలోనే ఉంది. తిరువాన్కూరు సంస్థానంలో దళిత పిల్లలను బడిలోకి రానివ్వనప్పుడు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అయ్యంకాళి నాయకత్వాన వ్యవసాయ కూలీలు పొలం పని మానేశారు. మా పిల్లలను బడిలో చేర్చుకునేదాకా మీ మడిలో దిగం అన్నారు. అది కూడా సముదాయం చదువు కోసం చేసిన పనే, ఊరి పెద్దలకు ఎదురు నిలిచి చేసిన పని. చదువులో సముదాయం పాత్ర అన్నప్పుడు నేను రచ్చబండ మీది పెద్దమనుషుల గురించి మాట్లాడటం లేదు. ఎవరి పిల్లలు బడి బయట ఉన్నారో వాళ్లు గుంపుగా మాట్లాడగలిగే స్థితి గురించి మాట్లాడుతున్నాను. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పాఠంతో ఆగలేదు, దూబగుంట నుంచి సారా మీద పోరాటానికి దిగారు. 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్లను ఊరు కదిలించలేదు, వాళ్లే ఊరిని మార్చారు.

ఈ తేడా పట్టించుకోకుండా సముదాయ భాగస్వామ్యం అంటే కమిటీ వేయడమే అనుకున్నచోట ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా అనుభవం చూపిస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ప్రథమ్ సంస్థతో కలిసి అక్కడ ఒక ప్రయోగం చేశారు. ఊళ్లలో గ్రామ విద్యా కమిటీలు కాగితం మీద ఉన్నాయి. అలాంటిదొకటి ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, సభ్యుల్లో కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలియదు. కొన్ని ఊళ్లలో సమావేశాలు పెట్టి కమిటీ అధికారాలు వివరించారు, పిల్లలకు చదవడం ఎంత వచ్చో కొలిచి చూపించారు. 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం బడిలో మార్పేమీ రాలేదు. మరికొన్ని ఊళ్లలో దీనికి తోడు స్థానిక యువతకు చిన్న శిక్షణ ఇచ్చి, బడి వేళల తర్వాత చదివించే శిబిరాలు నడపమన్నారు. ఆ శిబిరాలకు వెళ్లిన పిల్లలకు చదవడం బాగా మెరుగుపడింది. సముదాయ భాగస్వామ్యం విఫలమైందని ఈ అధ్యయనాన్ని ఉటంకించేవాళ్లున్నారు. నేను దాన్ని అలా చదవను. సంతకాలు పెట్టే కమిటీ విఫలమైంది. చేతికి పని దొరికిన ఊరు విఫలం కాలేదు.

మన దగ్గర కమిటీలకు లోటు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే సమాజ భాగస్వామ్యం మీద ఒక చట్టం వచ్చింది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి, వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. తెలంగాణలో అదే ఏడాది స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి బడుల మరమ్మతులు చూసుకున్నాయి. ఇవన్నీ మంచివే. కానీ తల్లులకు అప్పగించిన పని గోడలు, మరుగుదొడ్లు, యూనిఫాం దగ్గర ఆగిపోతే ఒక అవకాశం చేజారినట్టే. ఎన్ని రోజులుగా ఏ పిల్ల రావడం లేదు, ఎవరింటికి ఎవరు వెళ్లాలి, మూడో తరగతిలో చదవలేని పిల్లలు ఎంతమంది, వాళ్ల కోసం సాయంత్రం గంట ఎవరు కూర్చుంటారు అన్నవి ఎజెండాలో మొదట రావాలి.

ఇలా అంటే ఉపాధ్యాయులు రెండు రకాలుగా నొచ్చుకుంటారు. చదువు రానివాళ్లు వచ్చి మా పని తనిఖీ చేస్తారా అని ఒకటి. ప్రభుత్వం తన బాధ్యత ఊరి నెత్తిన పడేసి చేతులు దులుపుకుంటుంది అని రెండోది. రెండో భయానికి నేను పూర్తిగా విలువిస్తాను. ఖాళీ పోస్టులు నింపకుండా వాలంటీర్లతో నెట్టుకురావడానికి సముదాయం పేరు వాడుకుంటే దాన్ని ఎదిరించాల్సిందే. ఊరు చేయవలసింది టీచరు లేని లోటు తీర్చడం కాదు, టీచరును వేయించుకోవడం. మొదటిదానికొస్తే, అక్షరం రాని తల్లి పాఠాన్ని తనిఖీ చేయలేకపోవచ్చు. పిల్ల చేతికి పుస్తకం ఇచ్చి గట్టిగా చదవమని వినగలదు. ఆగి ఆగి చదువుతుందో, గడగడా చదువుతుందో ఆ చెవికి తెలుస్తుంది. బడిలో ఏం జరిగిందని అడగగలదు, బోళ్లు తోమే పని కొడుక్కీ కూతురికీ సమానంగా పంచగలదు. ఈ చివరిది చిన్న విషయం కాదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు, కానీ బడి వేళలు కాని సమయంలో కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు లోపల ఎక్కువగా చిక్కుకునేది ఆడపిల్ల. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఇంట్లో పనిచేసి బడిలో నిద్రపోయే పిల్ల హాజరు పట్టీలో మాత్రం ఉంటుంది. నాలుగు గోడల మధ్య జరిగేది చట్టానికి కనిపించదు, పక్కింటావిడకు కనిపిస్తుంది.

ఈ వాదనంతటికీ ఒక చోట నిజంగానే గండి పడుతుంది. ఊరు కదలకుండా ఉంటుందని అనుకున్నాను. పాలమూరు నుంచి కుటుంబాలు పనులకు వలస పోతాయి, ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. చలికాలం మొదట్లో వచ్చి ఎండాకాలం చివర తిరిగి వెళ్లే ఆ పిల్లలకు రెండు చోట్లా సగం సంవత్సరమే మిగులుతుంది, ఏ ఊరి కమిటీలోనూ వాళ్ల తల్లిదండ్రుల పేర్లుండవు. హైదరాబాద్ చుట్టుపక్కల బట్టీల దగ్గరే ఒడియాలో చెప్పే తాత్కాలిక బడులు నడిచాయి. వలస వెళ్లే కుటుంబాల పిల్లలను సొంత ఊళ్లోనే ఉంచుకునే సీజనల్ హాస్టళ్లూ ఉన్నాయి. ఈ రెండింటిలో హాస్టలే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ పిల్ల తన బడి నుంచీ, తన తోటి పిల్లల నుంచీ విడిపోదు. అయితే తల్లి పక్కన లేని ఎనిమిదేళ్ల పిల్లను ఆరు నెలలు ఎవరు చూసుకుంటారన్నది సమస్యే. ఊళ్లో మిగిలిపోయిన అవ్వలకూ, సంఘాల మహిళలకూ ఆ హాస్టళ్ల నిర్వహణలో జీతమిచ్చి చోటు కల్పించాలి. అక్టోబరులో మేస్త్రీ అడ్వాన్సు పట్టుకుని ఊళ్లోకి రాకముందే బడి కమిటీ ఇల్లిల్లూ తిరిగి ఈసారి ఎవరు వెళ్తున్నారో, పిల్లల్లో ఎవరు ఆగుతున్నారో రాసుకోవాలి. మేస్త్రీ వచ్చాక వెళితే అప్పటికే ఆలస్యం.